దేవుడి పేర రాసిన పద్దు

2025 జనవరి 9, గురువారం

తిరుపతి వార్తతో తెల్లారింది. వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం నిన్న రాత్రి జరిగిన తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. రేపే ఏకాదశి. పాలు పోయించుకుంటుంటే ఒకామె అన్నది: "ఏదైతేంది, పుణ్యాత్ములు. స్వామి కోసమని పోయి స్వామి దగ్గరికే చేరిండ్రు." పోయినవాళ్ల ఇంటివాళ్లకు ఆ మాటతో కాస్త ఊరట కలిగితే కలగనీ, కాదనే హక్కు నాకు లేదు. కానీ ఆ మాట అనుకోవలసింది ఇంటివాళ్లు. గేటు ఎప్పుడు తీయాలో, జనాన్ని ఎటు వదలాలో చూడవలసినవాళ్ల నోట అది రాకూడదు. మొక్కు తీరితే స్వామి దయ, మనుషులు నలిగి చస్తే స్వామి చిత్తం. ఈ రెండో మాట భక్తిలోంచి పుట్టింది కాదు, తప్పించుకోవడంలోంచి పుట్టింది.

జనవరి 14, మంగళవారం, సంక్రాంతి

జాతీయ పసుపు బోర్డు ఇవాళ ప్రారంభమైంది. కేంద్ర కార్యాలయం నిజామాబాద్‌లో. పండగ పూట నువ్వులతో పాటు ఇంటింటా అదే ముచ్చట.

2019 ఫిబ్రవరి గుర్తుకొచ్చింది. మా ఆర్మూర్ మామిడిపల్లి చౌరస్తా దగ్గర హైవే మీద రైతులు బైఠాయించారు. పసుపుకు క్వింటాల్‌కు 15,000, ఎర్రజొన్నకు 3,500 ఇప్పించమన్నారు. ఇప్పించిన నాథుడు లేడు. ఏప్రిల్‌లో పార్లమెంటు ఎన్నికలొస్తే నిజామాబాద్ స్థానంలో 178 మంది రైతులు నామినేషన్లు వేసి నిలబడ్డారు. మొత్తం అభ్యర్థులు 185 మంది. ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 ఓటింగ్ యంత్రాలు వరసగా పెట్టాల్సి వచ్చింది. ఆ మాట దేశమంతా విన్నది. 2023 అక్టోబరు 1న మహబూబ్‌నగర్ సభలో ప్రధాని బోర్డు ప్రకటించారు. ఇవాళ్టికి తలుపులు తెరుచుకున్నాయి.

తెచ్చింది మేమంటే మేమని చాలా గొంతులు. పనిచేసినవాళ్లు చెప్పుకుంటే తప్పేం లేదు. కానీ 2010లో 15,000 దాకా పోయిన ధర, రెండేళ్లు తిరక్కుండా 4,000 చుట్టూ పడి కొట్టుకున్నప్పుడు "ఇది మా వల్ల" అని ఎవరూ రాలేదు. అప్పుడు ఊరంతా అన్న మాట: "దేవుడు సల్లగ జూడలేదు." ధర పెరిగితే పేర్లు ఎన్నో వినిపిస్తాయి. ధర పడితే ఒక్క దేవుడి పేరే వినిపిస్తుంది. మా మార్కెట్ మాటల్లో చెప్పాలంటే జమ అందరి ఖాతాలో, ఖర్చు ఆయన ఒక్కడి ఖాతాలో.

జనవరి 23, గురువారం

అన్న చేలో పసుపు తవ్వకం. మిరుగంలో పెట్టిన దుంప ఇప్పుడు బయటికొస్తున్నది. ట్రాక్టర్ ముందు తవ్వుకుంటూ పోతే వెనక ఆడవాళ్లు వరసగా కూర్చుని మట్టి దులిపి, గోళ (తల్లి దుంప) ఒక కుప్ప, కాడి (కొమ్ము) ఒక కుప్ప పోస్తున్నారు. ఉడకబెట్టే డ్రమ్ముల దగ్గర చిన్నమ్మ. యంత్రం వచ్చినా ఉడికిందీ లేనిదీ చెప్పేది ఇప్పటికీ ఆమే. ఒక కొమ్ము తీసి పుల్ల గుచ్చుతుంది. పుల్ల ఆగకుండా దిగితే "దించుండ్రి" అంటుంది. తక్కువ ఉడికితే లోపల రంగు సరిగ్గా పట్టదు, ఎక్కువ ఉడికితే రంగు చెడుతుంది. ఆ ఒక్క పుల్ల మీద ఏడాది కష్టం ఆధారపడి ఉంటుంది.

ఆమె అరచేతుల్లో గీతలన్నీ పచ్చగా ఉన్నాయి. ఎంత తోమినా ఆ పచ్చ వారాల తరబడి పోదు. చిన్నాయన పోయింది 2012లో, ధర 4,000కు పడిన ఏడు. అప్పులవాళ్లు అరుగు మీద కూర్చున్న రోజుల్లో తన ప్రాణం తానే తీసుకున్నాడు. పదమూడు రోజులూ వచ్చినవాళ్లు వచ్చినట్టు "తలరాత" అన్నారు. ఆ తలరాతకు మార్కెట్ తక్‌పట్టీ ఉన్నది. ఎన్ని సంచులు, ఎంత కడ్త, క్వింటాల్‌కు ఎంత ధర అన్నీ దానిలో రాసి ఉన్నాయి. చిన్నమ్మ దాన్ని ఇప్పటికీ పెట్టెలో దాచింది.

ఫిబ్రవరి 6, గురువారం

రాత్రి గోరా పుస్తకం చదివాను. కృష్ణా జిల్లా ముదునూరులో 1940లో నాస్తిక కేంద్రం పెట్టిన గోపరాజు రామచంద్రరావు. 1944లో సేవాగ్రామ్ వెళ్లి గాంధీతో మాట్లాడినప్పుడు గోరా చెప్పిన సంగతి ఒకటి నన్ను వదలడం లేదు. బెంగాల్ కరువులో కలకత్తా వీధుల్లో తాను చూసింది చెప్పాడు. మిఠాయి దుకాణాల ముందే మనుషులు ఆకలితో కుప్పకూలి చనిపోయారు. ఒక ఎద్దుకో కుక్కకో ఆకలైతే కొట్టినా తరిమినా తిండి మీద పడేది. ఇంతమంది మనుషులు ఎందుకు పడలేదు? పోలీసులకు భయపడి కాదు, ఇది మన కర్మ అని నమ్మబట్టే అన్నది గోరా వాదం. గాంధీ ఆ మాటను తోసిపుచ్చలేదు. నా ఆస్తికత ఒప్పనీ నీ నాస్తికత తప్పనీ నేననలేను, ఇద్దరం సత్యాన్ని వెతికేవాళ్లమే అన్నాడు. తర్వాత చాలా ఏళ్లకు, 1981లో, అమర్త్యసేన్ లెక్కలు తీసి చూపించాడు. ఆ కరువునాడు బెంగాల్‌లో తిండిగింజలు మరీ అంత తక్కువేం కాలేదు, కొనుక్కునే శక్తి పేదల చేతుల్లోంచి జారిపోయిందన్నాడు.

గోరా చెప్పింది సగమే నిజమని నాకనిపిస్తుంది. నమ్మకం మనిషిని చావుదాకా కూర్చోబెట్టగలదు, నిజమే. కానీ 2019లో మామిడిపల్లి చౌరస్తాలో కూర్చున్నవాళ్లు నాస్తికులు కారు. పొద్దున మొక్కి, బొట్టు పెట్టుకొని వచ్చి రోడ్డెక్కినవాళ్లే. తేడా నమ్మడంలోనూ నమ్మకపోవడంలోనూ లేదు. ఏ కష్టం గురించి ఎవరిని అడగాలో తెలిసి ఉండటంలో ఉన్నది.

ఫిబ్రవరి 23, ఆదివారం

నిన్న పొద్దున నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం పైకప్పు కూలింది. ఎనిమిది మంది లోపలే ఉండిపోయారు. జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూ కాశ్మీర్. ఎక్కడెక్కడినుంచో పని కోసం వచ్చిన బిడ్డలు. ఆ సొరంగం ఎందుకోసం? తరాలుగా ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంకర్లు పోయిన నల్గొండకు కృష్ణ నీళ్లు పారించడం కోసం. ఒకరి బాధ తీర్చబోయి ఇంకొకరు మట్టికింద చిక్కారు. ఇంట్లో దీపం పెట్టి, వాళ్లు బతికి రావాలని మొక్కాను. ఆ పిలుపు పైకి పోతుందా అని నన్ను ఎవరైనా అడిగితే వాదించను. మనసులో ఉన్నది దేవుడికి చెప్పుకోకుండా ఉండలేను, అంతే.

ఫిబ్రవరి 26, బుధవారం, శివరాత్రి

ఆర్మూర్ సిద్ధులగుట్ట. నవనాథులు తపస్సు చేశారని చెప్పే కొండ. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు నల్లని బండలు, వాటి నడుమ వంగి పోవలసిన ఇరుకు దారి, లోపల సిద్ధేశ్వరుడు. రోడ్డు పడ్డాక బండ్లు పైదాకా పోతున్నాయి. మెట్లెక్కి వచ్చేవాళ్లూ తగ్గలేదు.

వరసలో నా ముందు ఒక అవ్వ. లింగం ముందుకు వచ్చేసరికి దండం పెట్టలేదు. నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడి, "మూడు కండ్లు పెట్టుకున్నవు గదా, నా మనుమనికి జరం తగులుకుంటే ఒక్క కన్నన్న తెరువవైతివి. పోయినేడు టెంకాయ కొట్టిన, యాదున్నదా?" అని అడిగింది. వెనకనున్న వాళ్లెవరూ ఆమెను వారించలేదు. పూజారి కూడా ఆమె మాట పూర్తయ్యేదాకా ఆగి, విభూతి చేతిలో పెట్టాడు. అప్పుడు దండం పెట్టి, "మల్లొచ్చేటాల్లకు మంచిగ చెయ్యి" అని చెప్పి కదిలింది.

దేవుడికి మంచి పేరు మాత్రమే చెందాలి, చెడ్డ పేరు అంటకూడదు అనే పండితుల తర్కం ఆ అవ్వ దగ్గర సాగదు. ఆమెకు తెలిసిన దేవుడు టెంకాయ తీసుకున్నవాడు. తీసుకున్నాడు కాబట్టి జవాబు చెప్పాలి. ఇంత సూటి విశ్వాసాన్ని నేను ఏ ప్రవచనంలోనూ వినలేదు.

మార్చి 4, మంగళవారం

పక్క ఊరికి దుబాయ్ నుంచి శవపెట్టె వచ్చింది. శంషాబాద్ నుంచి అంబులెన్స్ తెల్లవారుజామున చేరింది. మా ఆర్మూర్ చుట్టుపక్కల ఈ పెట్టెలు చూడని ఊరు లేదు. గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 5 లక్షల సాయం ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం 2024లో ఉత్తర్వు ఇచ్చింది. పోరాడి సాధించుకున్నది అది. పెట్టెలో వచ్చినవాడి తల్లి మాత్రం దేవుణ్నే తిట్టింది. నోటికి వచ్చినట్టు తిట్టింది. తిట్టనీయండి అనుకున్నాను. ఏజెంటుకు కట్టిన మిత్తి అప్పు, ఎండలో పని, గుండెనొప్పి అన్న ఒక్క మాటతో ముగిసిన కాగితం. వీటిని అడగడానికి రేపు ఉన్నది. ఇవాళ ఆమె అరుపు వినడానికి ఎవరో ఒకరు కావాలి.

మార్చి 10, సోమవారం

దోమలపెంట సొరంగంలో నిన్న ఒకరి మృతదేహం దొరికింది. కేరళ నుంచి తెచ్చిన కుక్కలు చోటు పసిగట్టాయట. మిగతా ఏడుగురి జాడ లేదు.

ఉత్తరకాశీ సిల్క్యారా గుర్తుకు రాక తప్పదు. 2023 నవంబరు 12, దీపావళి నాడు సొరంగం కూలి 41 మంది లోపల చిక్కారు. పదిహేడు రోజులకు, 28న, అందరూ ప్రాణాలతో బయటికొచ్చారు. అక్కడి స్థానిక దేవత బాబా బౌఖ్‌నాగ్. సొరంగం ముందున్న ఆయన చిన్న గుడి తీసేశారు కాబట్టే కూలిందని ఊరివాళ్లు అన్నారు. మళ్లీ గుడి నిలబెట్టారు. మనుషులు బయటపడ్డాక అదే దేవుడికి కృతజ్ఞతలు చెప్పారు. నిందా ఆయనకే, కీర్తీ ఆయనకే. ఆ కొండ మనుషుల న్యాయం ఒక రకంగా సరైనదే, రెండూ ఒకరికే ఇచ్చారు. కానీ ఆ 41 మంది దాకా చివరి మీటర్లు చేతులతో తవ్వుకుంటూ పోయినవాళ్లు మనుషులు. ఎలుక బొరియల్లా గనులు తవ్వే అతి పేద కూలీలు. వాళ్లలో హిందువులున్నారు, ముస్లిములున్నారు.

మరి దోమలపెంటలో ఆ బౌఖ్‌నాగ్ లాంటి దేవుడు లేడా? నల్లమల అడవి అంతా దేవుళ్లే, పక్కనే మల్లన్న. సిల్క్యారాలో దయ తలిచాడు, ఇక్కడ తలవలేదు అనడానికి నాకు నోరు రాదు. ఆ మాట అంటే చచ్చిపోయిన పిల్లల తల్లులకు నేను ఏమని చెప్పినట్టు? మీవాళ్ల పుణ్యం తక్కువైందనా? బతికినవాళ్ల తరఫున మనం చెప్పే కృతజ్ఞత, చచ్చిపోయినవాళ్ల ఇళ్లలో ఎలా వినిపిస్తుందో ఒకసారి తలుచుకోవాలి. దండం పెట్టొద్దనడం లేదు. గట్టిగా చాటే ముందు పక్క ఇంటి వైపు చూడాలంటున్నాను.

మార్చి 22, శనివారం

నిన్న సాయంత్రం మబ్బు పట్టింది. కళ్లంలో పరిచిన పసుపు ఇంకా నాలుగైదు ఎండలు కాయాలి. గాలి లేచేసరికి చిన్నమ్మ, వదినె, కూలికొచ్చిన ఆడవాళ్లు పట్టాలు పట్టుకొని ఉరికారు. పట్టా ఒక మూల పట్టుకుంటే ఇంకో మూల లేస్తున్నది. రాళ్లు తెచ్చి మూలల మీద పెట్టారు. వడగండ్లు పడ్డాయి. సగం కుప్ప తడిసింది. తడిసిన కొమ్ము మళ్లీ ఎండినా రంగు దిగుతుంది. రేపు మార్కెట్‌లో పిడికెడు తీసి చూసి, ఒక కొమ్ము విరిచి, ధర తగ్గిస్తారు.

వదినె ఏడుస్తూ, "ఏం పాపం జేసినం దేవుడా" అన్నది. చిన్నమ్మ వెంటనే అందుకుంది. "మనమేం చెయ్యలె. పాపం జేసినమని నువ్వు ఒప్పుకుంటే ఆయన మంచోడైతడా? వాన పడ్డది. ఎందుకు పడేసినవని ఆయన్నడుగు. నీ మీదేసుకోకు."

ఆ మాటలు అక్షరం పొల్లుపోకుండా ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

మార్చి 23, ఆదివారం

చిన్నమ్మ మాటతో కంచర్ల గోపన్న తలపుకొచ్చాడు. పాల్వంచ తహశీల్దారుగా ఉండి, వసూలైన శిస్తుతో భద్రాచలంలో గుడి కట్టించి, గోల్కొండ చెరలో పడ్డ రామదాసు. చెరలో ఆయన పాడినవి స్తోత్రాలు మాత్రమే కావు. ఎవరికి ఏ నగ చేయించాడో, దానికి ఎంత అయిందో ఒక్కొక్కటీ రాముడికి లెక్క చెప్పాడు. ఎవరి సొమ్మని కులుకుతున్నావని నిలదీశాడు. దెబ్బలకు తాళలేక తిట్టాను, మనసులో పెట్టుకోకు అని కూడా ఆయనే అన్నాడు. కథలో రాముడికి కోపం రాలేదు. లక్ష్మణుణ్ని వెంటపెట్టుకొని వచ్చి తానీషాకు బాకీ కట్టి రసీదు తీసుకున్నాడు.

కాసుల పురుషోత్తమ కవి అయితే శ్రీకాకుళ ఆంధ్రనాయకుడి మీద శతకమంతా నిందాస్తుతిలోనే నడిపాడు. ఇటువంటి వాళ్లను మనవాళ్లు గుడి బయట నిలబెట్టలేదు. వాళ్ల పాటలు గుడిలోనే పాడుకుంటున్నారు. దేవుణ్ని నిలదీయడం భక్తికి కొరత అని ఎవరైనా అంటే, మన తెలుగు భక్తి చరిత్ర వాళ్ల పక్షాన లేదు.

రామదాసు కథలో ఇంకో సంగతి కూడా ఉన్నది. ఆయన దేవుణ్ని అడిగింది తాను దేవుడికి పెట్టిన ఖర్చు గురించి. చెరలో పడేసింది మనుషులని ఆయనకు తెలియక కాదు. ఎవరికి చెందిన లెక్క వాళ్లను అడిగాడు.

మార్చి 29, శనివారం

నిన్న మయన్మార్‌లో భూకంపం. మాండలే దగ్గర. రంజాన్ నెలలో చివరి శుక్రవారం, జుమా నమాజు వేళ. మసీదులు కూలి నమాజులో ఉన్నవాళ్లు పోయారు. బౌద్ధ విహారాలూ కూలాయి. ఏ దేవుడి ఇంటినీ భూమి విడిచిపెట్టలేదు.

1934 జనవరిలో బీహార్ భూకంపం వచ్చినప్పుడు గాంధీ, అంటరానితనం అనే పాపానికి ఇది దైవం వేసిన శిక్ష అన్నాడు. అంటరానితనం మీద తనతో పాటు పోరాడుతున్న టాగూర్ ఆ మాటను ఒప్పుకోలేదు. ప్రకృతిలో జరిగేదానికి నైతిక కారణం అంటగడితే జనంలో అజ్ఞానం పెరుగుతుందని రాశాడు. గాంధీ ఆ జవాబును తన హరిజన్ పత్రికలోనే అచ్చువేశాడు. నేను టాగూర్ వైపు. భూమి కదిలితే మొదట కూలేది బలహీనమైన గోడలు. ఆ గోడల కింద పడేది ఎక్కువగా పేదలు. అంటరానితనాన్ని అమలు చేసినవాళ్లను వదిలేసి, దానికి బలైనవాళ్లనే నలిపే శిక్షను న్యాయమని ఎలా అంటాం?

మార్చి 30, ఆదివారం, ఉగాది

విశ్వావసు నామ సంవత్సరం. గుడిలో పంచాంగ శ్రవణం. ప్రతి రాశికీ ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం. ఒక్క రాశికి కూడా అవమానం సున్నా రాదనుకుంటాను. మనుషులకు ఏడాదికొకసారి ఇన్ని పాళ్లు పూజ్యం, ఇన్ని పాళ్లు అవమానం అని పంచిపెట్టిన సంప్రదాయంలో, దేవుడికి ఒక్క పూజ్యమే ఉండాలని ఎందుకు పట్టుబడతాం?

తడిసిన పసుపు ఆరింది. రంగు దిగింది.

మార్చి 31, సోమవారం, రంజాన్

మార్కెట్‌లో హమాలీ పనిచేసే ఒకతను షీర్‌ఖుర్మా తెచ్చిచ్చాడు. ఈ ఏడు పనెలా ఉందని అడిగాను. "అల్లాకా షుకర్, టీచరమ్మా. సంచికి ఇచ్చే కూలి మాత్రం పెంచలేదు, పండుగ కాంగనే మాట్లాడాలె" అన్నాడు. ఉన్నదానికి దేవుడికి షుకర్, కూలికి యజమానులతో మాట్లాడటం. ఇంతకాలంగా పుస్తకాల్లో నేను వెతుకుతున్న విభజన అతని నోట ఒక్క ఊపిరిలో వచ్చింది.

ఏప్రిల్ 6, ఆదివారం, శ్రీరామనవమి

నిజామాబాద్ ఖిల్లా రామాలయానికి పోయాను. ఈ కోట నిజాం కాలంలో జైలు. కవి దాశరథిని ఇక్కడే బంధించారు. బొగ్గుతో గోడ మీద నిజాంకు వ్యతిరేకంగా పద్యాలు రాసింది ఇక్కడే. పక్కన రాముడి గుడి ఉన్నా, దాశరథి నిందించింది రాముణ్ని కాదు, రాజును. కష్టం ఎవరి చేతుల్లోంచి వచ్చిందో వాళ్ల పేరే గోడకెక్కింది.

కల్యాణం చూసి ఇంటికొస్తే పెళ్లి మాటలు. చిన్నమ్మ మనవరాలి పెళ్లి వైశాఖంలో. వచ్చే నెల పసుపు దంచుడు. రోకలికి కంకణం కట్టి ఐదుగురు ముత్తైదువలు దంచాలి. ఎవరెవరని వదినె లెక్క పెడుతుంటే, చిన్నమ్మ పక్కకు జరిగి కొమ్ములు ఏరుతూ కూర్చుంది. లావుగా, గట్టిగా, విరిస్తే నారింజ రంగు తేలేవి ఏరి చాటలో పోస్తున్నది. ఆమె పెట్టింది, ఆమె తవ్వింది, ఆమె ఉడకబెట్టింది, వానకు పట్టా కప్పి కాపాడింది. దంచేటప్పుడు మాత్రం ఆమె చెయ్యి రోకలికి తగలకూడదు. తాకితే పెళ్లికూతురికి కీడట. అత్తమ్మ దీన్ని "దేవుడు పెట్టిన కట్టుబాటు" అన్నది.

ఇక్కడ నాకు మాట ఆగలేదు. వానకు, తెగులుకు, గుండె ఆగిపోవడానికి దేవుణ్ని అడగవచ్చు. చిన్నాయన పోయిన ఏటి ధర ఎవరు పెట్టారో మార్కెట్‌ను, ప్రభుత్వాలను అడగాలి. కానీ భర్త పోయిన మనిషిని పసుపుకు దూరం పెట్టింది ఎవరు? దేవుడు మెరుపై వచ్చి చెప్పాడా? బతుకమ్మ నాడు గౌరమ్మను చేసేది ఈమె పండించిన పసుపుతోనే. గౌరమ్మ ఎప్పుడూ వద్దనలేదు. వద్దన్నది మనం. మనం చేసిన దానికి దేవుడి పేరు పెట్టడం కన్నా పెద్ద దైవదూషణ లేదు. అవ్వ గుట్టమీద శివుణ్ని తిట్టింది చూడండి, దానిలో ప్రేమ ఉన్నది. దీనిలో లేదు.

అత్తమ్మ ఏమీ అనలేదు. కోపం వచ్చిందో, ఆలోచిస్తున్నదో తెలియలేదు.

ఏప్రిల్ 13, ఆదివారం

అన్న సాంగ్లీ పోయి వచ్చాడు. మనవాళ్లు మంచి ధర కోసం అక్కడిదాకా పసుపు తీసుకుపోవడం ఎప్పటినుంచో ఉన్నదే. సాంగ్లీకి దగ్గర్లోనే, కొల్హాపూర్ జిల్లాలో హేర్వాడ్ అనే ఊరున్నది. 2022 మే నెలలో అక్కడి గ్రామ పంచాయతీ తీర్మానం చేసింది. భర్త చనిపోతే భార్య గాజులు పగలగొట్టడం, కుంకుమ చెరపడం, మంగళసూత్రం తీయించడం ఇకనుంచి మా ఊళ్లో ఉండవని. కొద్దిరోజుల్లోనే మహారాష్ట్ర ప్రభుత్వం మిగతా ఊళ్లు కూడా ఇలా చేయాలని సర్క్యులర్ ఇచ్చింది. ఒక చిన్న ఊరు కూర్చుని నిర్ణయించుకుంటే అయిపోయింది. ఏ దేవుడూ అడ్డం రాలేదు.

మా ప్రాంతంలో చాలా ఊళ్లకు గ్రామాభివృద్ధి కమిటీలున్నాయి. గుడి కట్టాలన్నా, బోనాలకు చందా వేయాలన్నా వాళ్ల మాటే మాట. కొన్ని చోట్ల కుటుంబాలను వెలివేసి పోలీసు కేసుల దాకా పోయినవీ ఉన్నాయి. వెలివేయడానికి ఉన్న అధికారం కలుపుకోవడానికి ఎందుకు పనికిరాదు? హేర్వాడ్ తీర్మానం లాంటిది మా ఊరి కమిటీ ముందు పెట్టాలని ఒక కాగితం రాశాను. దానిలో దేవుడి పేరు ఎక్కడా రాయలేదు. అడిగేది మనుషులను, జవాబు చెప్పవలసింది మనుషులు.

కాగితం ముందు చిన్నమ్మకే చదివి వినిపించాను. ఆమె ఒప్పుకోకపోతే నాకు ఆ హక్కు లేదు. అంతా విని, "నాకు ఇప్పుడు బొట్టేంది బిడ్డా" అన్నది. కాసేపాగి, "గని నా కోడలు, నా మనుమరాలు, రేపు ఎవలి రాత ఎట్లుంటదో. ఆల్లకైతే ఉండాలె" అన్నది. దేవుడి మీద కోపం పోయిందా అని అడిగాను. "ఆయనతోని నా పంచాయితి ఆయనతోనే. రోజు దీపం పెడత, రోజు అడుగుత. ఇది వేరే పంచాయితి, ఇది మీతోని" అన్నది.

మీతోని అన్నప్పుడు ఆమె నా వైపే చూసింది, అది సరైనదే. వేలిముద్ర వద్దని, పేరు రాసి సంతకం పెట్టింది. ఆమె తర్వాత వదినె పెట్టింది, అన్న పెట్టాడు. అత్తమ్మ కాగితం చదివించుకుంది, ఇంకా పెట్టలేదు. కమిటీ కూర్చునేది వచ్చే ఆదివారం. ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, పసుపు దంచేనాడు మొదటి రోకలి పోటు చిన్నమ్మదేనని వదినె చెప్పేసింది. ఆ రోజు ఎవరికైనా ఆ పెళ్లిలో కీడు కనబడితే, దాన్ని దేవుడి మీద వేయకుండా నా పేరు చెప్పమని అందరికీ చెబుతాను.